ముక్కలుగా అనుమతి, మొత్తంగా ముంపు

చిత్తడి నేలను మొత్తంగా పూడ్చేస్తామంటూ ఏ వాణిజ్య సంస్థా దరఖాస్తు పెట్టదు. అడిగేది ఎప్పుడూ ఓ మూల, ఓ అంచు, రోడ్డు పక్కన కొన్ని ఎకరాలు. మాల్‌కో, గోదాములకో, కార్యాలయ భవనాలకో అంతకుమించి అక్కర్లేదంటారు. ఫైలు చూసిన అధికారికీ అది కొంపలు ముంచే వ్యవహారంగా తోచదు. మిగతాదంతా అలాగే ఉంది కదా అనుకుని సంతకం చేస్తారు. కొన్నాళ్లకు పక్క ముక్కకు మరో దరఖాస్తు వస్తుంది. ఈసారి వాదించే పనే ఉండదు. ఇటు పూడ్చారు, రోడ్డు పడింది, కరెంటు వచ్చింది, మధ్యలో ఈ గుంట ఎందుకు, దోమలకా? ఇలా ఒక్కో సంతకానికి ఒక్కో ముక్క పోయి, చివరికి చిత్తడే ఉండదు. దాన్ని లేకుండా చేయాలని ఎవరూ ఎక్కడా నిర్ణయించి ఉండరు. అనుమతుల వ్యవస్థలో అసలు లోపం ఇదేనన్నది మా అభిప్రాయం. నీటితో నిమిత్తం లేని వాణిజ్య నిర్మాణాల కోసం చిత్తడి నేలలు పూడ్చడానికి ఇక అనుమతులు ఇవ్వకూడదని మేం కోరడానికి కారణమూ అదే.

చిత్తడి నేలల్ని కాపాడుకుంటామని 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం తరఫున 2018లో వెలువడిన నివేదిక ప్రకారం 1970-2015 మధ్య లెక్కకు అందిన చిత్తడి నేలల్లో 35 శాతం కనుమరుగయ్యాయి. అడవులు తరిగిన వేగానికి ఇది మూడింతలు. ఈ నష్టంలో సాగు, ఆనకట్టల వాటా తక్కువేమీ కాదు. కానీ నగరాల అంచున కథ వేరు. అక్కడ పల్లాన్ని మింగేది కాంక్రీటే. పొలంగా మారిన చిత్తడిని ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ నీటికి వదిలేయవచ్చు. ఆరంతస్తుల భవనం లేచిన చోట ఆ మాటే ఉండదు.

నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. వానాకాలంలో చిత్తడి చేసే పని చూడండి. పైనుంచి ఉరికొచ్చిన వరద అక్కడ వెడల్పుగా పరచుకుంటుంది. తుంగ, జమ్ము, రెల్లు దాని వేగాన్ని విరుస్తాయి. మోసుకొచ్చిన ఒండ్రు అడుగుకు చేరుతుంది. నీరు కొంత ఇంకి, కొంత ఆవిరై, మిగిలింది రోజుల తరబడి నిదానంగా దిగువకు వెళుతుంది. ఒక్క ఎకరంలో ఒక్క అడుగు లోతున నీరు నిలిచినా అది 12 లక్షల లీటర్లకు పైమాటే. ఇరవై ఎకరాలు పూడిస్తే దాదాపు రెండున్నర కోట్ల లీటర్లకు చోటు పోయినట్టు. ఆ నీరు ఎటు వెళ్లాలి? దరఖాస్తుకు జతచేసే డ్రైనేజీ నివేదికలో ఈ ప్రశ్నకు జవాబు వెతికితే దొరకడం అరుదు. తమ స్థలంలో, తమ పైకప్పు మీద పడే వాన లెక్క మాత్రం శుభ్రంగా ఉంటుంది. పార్కింగు పక్కన ఇంకుడు గుంతలూ చూపిస్తారు. భూగర్భజలం కాలి కిందే ఉన్న నేలలో ఇంకుడు గుంత ఎక్కడికి ఇంకిస్తుందో గీసినవారే చెప్పాలి.

ఇంకో సంగతి ఉంది. పూడ్చిన చోట కట్టిన భవనం సాధారణంగా మునగదు. గ్రావెల్ తోలి, రోలర్లతో తొక్కించి, చుట్టుపక్కల కంటే మెరక చేశాకే కదా పునాది వేస్తారు. మునిగేది అవతలి కాలనీ, దిగువ వీధులు, అంతకు ముందెన్నడూ ఇంట్లోకి నీళ్లు రాని జనం. లాభం ఒకచోట, బురద మరోచోట. అనుమతి కోరినవారు అప్పటికి షాపులన్నీ అమ్మేసి మరో ఊళ్లో మరో స్థలం చూసుకుంటూ ఉంటారు.

చెన్నైలోని పళ్లికరణై చిత్తడి ఒకప్పుడు సుమారు 50 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉండేది. 2022లో రామ్‌సర్ ఒప్పందం కింద కాపాడాల్సిన చిత్తడి నేలల జాబితాకెక్కేనాటికి అందులో చేర్చడానికి మిగిలింది 1,250 హెక్టార్ల (12.5 చదరపు కిలోమీటర్ల) లోపే. ఐటీ కారిడార్, రోడ్లు, కాలనీలు తలా కాస్త పంచుకున్నాయి. తప్పంతా ప్రైవేటు బిల్డర్లదే అనడానికీ లేదు. నగరపు చెత్త డంపింగు యార్డు కూడా ఆ చిత్తడిలోనే వెలిసింది. 2015 డిసెంబరు వరదల్లో దక్షిణ చెన్నై ఎంత మునిగిందో తెలిసిందే. ఆ ఏడాది కురిసింది అసాధారణ వర్షమే, కాదనం. కానీ అసాధారణ వర్షానికి కూడా నిలవడానికి చోటు కావాలి.

చోటు వదిలితే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోని చార్లెస్ నది ఉంది. బోస్టన్ మీదుగా సముద్రంలో కలిసే ఈ నదికి 1955లో భారీ వరద వచ్చాక, ఆనకట్టలు కట్టాలా అని ఆర్మీ ఇంజినీర్ల విభాగం అధ్యయనం చేసింది. ఎగువ ప్రాంతపు నీరు చిత్తడి నేలల్లో చిక్కుకుని రోజుల ఆలస్యంగా దిగువకు వస్తోందని, ఆ పనిని ప్రకృతి ఉచితంగా చేస్తోందని వారి లెక్కల్లో తేలింది. కాంక్రీటు పోయడమే వృత్తిగా ఉన్న ఆ ఇంజినీర్లే అక్కడ ఆనకట్ట వద్దన్నారు. 1970లు, 80లలో 8,000 ఎకరాలకు పైగా చిత్తడిని కొని, లేదా పూడ్చకుండా హక్కులు కొని, అలాగే వదిలేశారు. ఖర్చు ఆనకట్టకయ్యేదాంట్లో దాదాపు పదో వంతు.

పూడ్చిన నేల కూడా ఊరుకోదు. 1989లో లోమా ప్రియెటా భూకంపం వచ్చినప్పుడు దాని కేంద్రం శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు 100 కిలోమీటర్ల దూరం. అయినా ఆ నగరంలోని మెరీనా ప్రాంతంలో ఇళ్లు కూలాయి. కారణం, అది ఇసుక, శిథిలాలు పోసి బేను, అంటే నగరం పక్కనున్న సముద్రపు పాయను, పూడ్చిన నేల కావడమే. కుదుపుకు ఆ మట్టి ద్రవంలా మారిపోయింది. ఇంగ్లండులోని హోమ్ అనే చోట 1850 ప్రాంతంలో పీట్ నేలలో, అంటే నీటిలో సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేలలో, ఓ ఇనుప స్తంభం దించారు. అప్పుడు దాని తల నేలకు సమంగా ఉంది. పక్కనున్న సరస్సును ఎండగట్టాక నేల కుంగుతూ పోయింది. ఇప్పుడా స్తంభం సుమారు నాలుగు మీటర్లు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. పీట్ ఎండితే గాలి తగిలి కుళ్లి కర్బన వాయువుగా ఎగిరిపోతుంది. భూమ్మీద నేలలో 3 శాతమే ఉన్న పీట్, ప్రపంచంలోని అడవుల చెట్లన్నీ కలిపి దాచినదానికంటే ఎక్కువ కర్బనాన్ని దాచుకుంది.

ఇక్కడ పూడ్చినదానికి బదులు మరోచోట కొత్త చిత్తడి తవ్వి ఇస్తాం అంటారు కదా అని ఎవరైనా అడగవచ్చు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికా 1980ల చివరి నుంచి ‘నికర నష్టం ఉండకూడదు’ అన్న విధానంతో ఈ పద్ధతినే నడుపుతోంది. ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి 2001లో సమీక్షిస్తే, చిత్తడి నేలలు చేసే పనుల విషయంలో ఆ లక్ష్యం నెరవేరడం లేదని తేలింది. 2012లో వెలువడిన మరో పరిశోధన ప్రపంచవ్యాప్తంగా పునరుద్ధరించిన, లేదా కొత్తగా తవ్విన 621 చిత్తడి నేలలను పరిశీలించింది. వందేళ్లు గడిచినా వాటిలో మొక్కలు, జీవజాలం సహజ చిత్తడితో పోలిస్తే సగటున 26 శాతం తక్కువే. నేలలో కర్బనం నిల్వలాంటివీ 23 శాతం తక్కువ. గుంత తవ్వి నీళ్లు నింపినంత మాత్రాన చిత్తడి కాదు. పైగా వరద వచ్చేది ఇక్కడైతే, కొత్త గుంత ఎక్కడో నలభై మైళ్ల అవతల ఉంటే దిగువ వీధికి ఒరిగేదేమిటి?

బీడుపడి ఉన్న నేల, పైసా రాబడి లేదు అన్నది రెండో వాదన. కోల్‌కతా తూర్పు చిత్తడి నేలలు దీనికి గట్టి జవాబు. నగరం వదిలే మురుగునీరు అక్కడి లోతు తక్కువ చెరువుల్లోకి చేరుతుంది. మడ్డి అడుగుకు దిగుతుంది. ఎండ తగిలి నాచు పెరుగుతుంది, దాన్ని చేపలు తింటాయి, నీరు తేరుకుని పక్కనున్న వరి పొలాలకు, కూరగాయల మళ్లకు వెళుతుంది. శుద్ధి కర్మాగారం చేసే పనిని బెస్తవారు వలలతో, తూములతో చేసేస్తున్నారు. 1980లలో దీన్ని లోకానికి విడమరిచి చెప్పిన ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్. ఆ నేలలో కొంత భాగంలో వాణిజ్య కేంద్రం కట్టాలని ప్రభుత్వమే సిద్ధపడితే 1992లో కలకత్తా హైకోర్టు అడ్డుకుంది. 2002లో 12,500 హెక్టార్లు రామ్‌సర్ జాబితాలో చేరాయి. ఆక్రమణల బెడద ఇప్పటికీ తీరలేదు. అయినా ఆ తీర్పే లేకపోతే ఇవాళ కాపాడుకోవడానికి అక్కడ ఏముండేదో ఊహించవచ్చు.

ఉద్యోగాల మాటను మేం తేలిగ్గా తీసుకోం. పన్నుల రాబడి లేకుండా ఏ పురపాలక సంస్థా నడవదు. అయితే శాన్‌ఫ్రాన్సిస్కో బేలో ఏం జరిగిందో చూడండి. 1960ల నాటికి పూడికలు, కరకట్టల వల్ల ఆ బే విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు పోయింది. బర్కిలీ నగరమైతే నీళ్లలోకి పూడ్చుకుంటూ వెళ్లి తన విస్తీర్ణాన్ని ఇంచుమించు రెట్టింపు చేసుకోవాలనుకుంది. 1961లో ముగ్గురు మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం 1965లో చట్టానికి దారితీసింది. ఆ చట్టం అడిగేది సూటిగా ఉంటుంది. మీ పనికి నీటి ఒడ్డే కావాలా? మెరక మీద వేరే స్థలం దొరకదా? రేవు, వంతెనలాంటివైతే పరిశీలిస్తారు. దుకాణాలకు, కార్యాలయాలకు నీటిని పూడ్చాల్సిన అగత్యం లేదు. ఆ నిబంధన వల్ల ఆ ప్రాంతం చితికిపోయిందా? సిలికాన్ వ్యాలీ ఎదిగింది ఆ బే ఒడ్డునే, ఆ చట్టం వచ్చాకే. బే తరగడం ఆగి, కొంత తిరిగి పెరిగింది కూడా.

అమెరికా కేంద్ర నిబంధనల్లోనూ 1980 నుంచి ఇలాంటి సూత్రమే ఉంది. నీటితో పనిలేని ప్రాజెక్టుకు మరోచోటు ఉండే ఉంటుందని ముందే భావిస్తారు, లేదని రుజువు చేసుకోవాల్సింది దరఖాస్తుదారే. అక్కడా అంతా సవ్యంగా లేదు. 2023లో సాకెట్ కేసులో సుప్రీంకోర్టు, నదులతో ఉపరితలం మీద ఎడతెగని సంబంధం ఉన్న చిత్తడి నేలలకే కేంద్ర రక్షణ వర్తిస్తుందని చెప్పింది. నేల కింద మాత్రమే కలిసే నీటికి ఆ తీర్పుతో కేంద్ర రక్షణ లేకుండా పోయింది. నీరు కోర్టు గీసిన గీతను చదువుకుని పారదు కదా.

సొంత స్థలం ఉండి కట్టుకోలేని యజమాని బాధ మాత్రం నిజమైనదే. ఆ భారాన్ని ఆయన ఒక్కడి నెత్తిన వేయడం అన్యాయం. చార్లెస్ నది దగ్గర చేసినట్టు ప్రభుత్వాలు ఆ భూమిని గానీ, పూడ్చే హక్కును గానీ కొనాలి. కొనలేకపోతే మరోచోట కట్టుకునే హక్కు ఇవ్వాలి, పన్ను తగ్గించాలి. వరద సాయానికి, కాలువల వెడల్పుకు తర్వాత పోసే సొమ్ముతో పోలిస్తే ఇది చవక. అయితే చౌకగా దొరుకుతోందని పల్లం కొని, అనుమతితో ధర పెంచుకోవాలని చూసేవారికి ఈ సానుభూతి వర్తించదు.

అనుమతులిచ్చే సంస్థలు రేపట్నుంచే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వీటికి కొత్త చట్టాలు అక్కర్లేదు. ప్రతి దరఖాస్తు మొదటి పేజీలోనే ఆ చిత్తడిలో ఇంతవరకు ఎన్ని ఎకరాల పూడికకు, ఎవరెవరికి అనుమతిచ్చారో, ఇంకా ఎంత మిగిలిందో ఉండాలి. ప్రస్తుత దరఖాస్తును ఆ మొత్తానికి కలిపి చూడాలి. దిగువన ఉండేవారికి నోటీసు వెళ్లాలి, వారు వచ్చి మాట్లాడే విచారణ జరగాలి. ప్రత్యామ్నాయ చిత్తడి ఇస్తామంటే అది ముందు తయారై, కొన్నేళ్లు నిలిచి, పనిచేస్తున్నట్టు తేలాకే ఇక్కడ తొలి లారీ మట్టి పడాలి. పూడిక పూర్తయ్యాక అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పద్ధతికి స్వస్తి చెప్పాలి. అది ముందుగా పూడ్చేసేవారికి ఇచ్చే బహుమతి. అధికారులు స్థల తనిఖీకి వెళ్లేది ఎండాకాలంలో, నేల బీటలు వారి కనిపించేటప్పుడు కాకూడదు. నీళ్లున్నప్పుడు, మోకాళ్ల దాకా దిగి చూడాలి. ఒక వానాకాలమంతా నీటిమట్టాన్ని కొలిచిన లెక్కలు చేతికి రానిదే ఏ పూడిక ఫైలూ బల్ల మీద నుంచి కదలకూడదు.