ల్యాండింగ్ నెట్ గురించి తిరుగుతున్న ఆ ఆరు సూత్రాలు

గాలం వేసేవాళ్లు నలుగురున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఈ మధ్య ఒకే సందేశం తిరుగుతోంది. "బాస్ చేపకు ల్యాండింగ్ నెట్ కొనేముందు ఈ ఆరు సూత్రాలు చదవండి, పదిమందికీ పంపండి" అన్నది దాని సారాంశం. ల్యాండింగ్ నెట్ అంటే గాలానికి తగిలిన చేపను నీళ్లలోంచి ఎత్తే చేతి వల: పిడి, దాని చివర రింగు, రింగుకు వేలాడే వల సంచి. ఒంగోలు మిత్రుడొకరు పంపారు, కావలి నుంచి ఇంకొకరు పంపారు. ముత్తుకూరు ఆయన పంపడంతో ఆగక, చదివానో లేదో కనుక్కోవడానికి ఫోన్ కూడా చేశారు. చదివాను. అందులో కొంత మన నీళ్లకు పనికిరానిది, కొంత పట్టించుకోనక్కరలేనిది, ఒక్క సూత్రం మాత్రం చేప ప్రాణం తీసేది. మొహమాటానికి ఊరుకుంటే ఇంకో పది గ్రూపులకు పాకుతుందన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

మొదటి సూత్రం ప్రకారం, ఎంతటి బాస్‌కైనా పదహారు అంగుళాల రింగు సరిపోతుంది. సందేశం పైన వేసిన బొమ్మలో ఉన్నది అమెరికా మంచినీటి సరస్సుల్లో పెరిగే లార్జ్‌మౌత్ బాస్. 1932లో జార్జియా రాష్ట్రంలో దొరికిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేపే, అంటే మన లెక్కలో పది కిలోల పైచిలుకే, నేటికీ దాని ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో పట్టిన చేప దానికి సమానంగా నిలిచింది గానీ దాన్ని వెనక్కు నెట్టలేదు. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులోనైనా, బకింగ్‌హాం కాలువలోనైనా, పెన్న సముద్రంలో కలిసే చోటనైనా మన గాలానికి తగిలేది పండుగప్ప, అంటే ఇంగ్లిషులో సీ బాస్ అనే వేరే జాతి చేప. ఆస్ట్రేలియాలో 2010లో పట్టిన ఆ జాతి చేప 44.64 కిలోలు తూగింది. అంతటిది మనకు తగలకపోవచ్చు, కానీ తొంభై సెంటీమీటర్ల పండుగప్ప తగలడం అసాధ్యమేమీ కాదు, అది పదహారు అంగుళాల రింగులో తల పెట్టి, తోక బయట ఉంచి, ఒక్క విదిలింపుతో వచ్చిన దారినే వెళ్లిపోతుంది. పట్టాలనుకునే చేప పొడవులో సగానికి తగ్గని రింగు, గెంతినా బయట పడనంత లోతున్న సంచి, ఈ రెండూ ఉండాలని నా లెక్క. సంచి మరీ గోతంలా వేలాడితే చేప రెండుగా మడతపడుతుంది కనుక అడుగు కాస్త వెడల్పుగా, చదరంగా ఉన్నది ఎంచుకోవాలి.

రెండవది వీరుల కోసం రాసిన సూత్రం: మొనగాడికి నెట్ అక్కరలేదట, కింది దవడలో బొటనవేలు పెట్టి ఎత్తేస్తే చాలునట. లార్జ్‌మౌత్ బాస్‌ను అలా ఎత్తడం అమెరికాలో మామూలే. పండుగప్ప నోట్లో కూడా కోరలేమీ ఉండవు, గరుకు కాగితంలా ఉంటుంది, అంతవరకు నిజమే. అయితే దాని మొప్ప మూత అంచు పట్టుజారిన అరచేతిని నిలువునా చీరేస్తుంది. పైగా నోటికి వేలాడుతున్న లూరుకు (నకిలీ ఎరకు) రెండు ట్రెబుల్ హుక్కులు, అంటే మూడు మొనల కొక్కేలు, ఉంటాయి, వాటిలో ఒకటి చేపకు గుచ్చుకుని ఉంటే రెండోది మొనగాడి బొటనవేలి కోసం ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. నాలుగైదు కిలోల చేపను దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే ఆ బరువంతా దవడ కీలు మీద పడుతుందని వేరే చెప్పాలా?

మూడవది, నెట్‌ను తోక వైపు నుంచి తేవాలట, అప్పుడు చేపకు కనపడదట. చేపకు కనపడకపోవచ్చు, తగులుతుంది కదా! తోకకు ఏదైనా తగలగానే చేప ముందుకే దూకుతుంది, ముందు వైపు నెట్ లేదు. రింగును ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకోవాలి, అలసిన చేప తలను దాని మీదికి నడిపించాలి, ఒళ్లు సగానికి పైగా లోపలికి వచ్చాక ఎత్తి, దారం కాస్త వదులు చేయాలి. ఓపిక చాలక చేప వెంట నెట్‌ను తరిమేవారికి జరిగేది ఎప్పుడూ ఒకటే: లూరుకు వేలాడుతున్న ఖాళీ హుక్కు వలకు బయటి వైపున తగులుకుంటుంది, చేపకు గుంజడానికి ఒక గట్టి ఆధారం దొరుకుతుంది, దవడలోని హుక్కు ఊడిపోతుంది. చివరికి నెట్‌లో మిగిలేది లూరు ఒక్కటే.

ఇక నాలుగవది. మిగిలినవన్నీ ఇలాగే రాసి ఉన్నా నేను నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. "రబ్బరు నెట్ చేపకు సురక్షితం కనుక, అందులో ఉన్నంతసేపు గట్టు మీద ఉంచి తీరికగా ఫొటోలు, కొలతలు తీసుకుని వదిలేయవచ్చు" అని రాశారు. ఇందులో మొదటి సగం నిజం, ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే రెండో సగం నడుస్తోంది. రబ్బరు వల చేప ఒంటి మీది జిగురు పొరను తక్కువ గీరుతుంది, రెక్కల అంచులు చీలనివ్వదు, హుక్కులు అందులో చిక్కుకోవు. ముడులున్న నైలాన్ వల ఈ మూడింటిలోనూ హీనం. కెనడాలోని ఒంటారియోలో బ్లూగిల్ చేపల మీద జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో, వల తగలకుండా తీసిన చేపల్లో ఒక్కటీ చావలేదు. వలతో తీసినవాటిలో వల రకాన్ని బట్టి 4 నుంచి 14 శాతం తర్వాత చచ్చిపోయాయి. ముడుల వలలు ఎక్కువ గాయపరిచాయి, రబ్బరువీ ముడులు లేనివీ తక్కువ గాయపరిచాయి. గాయం సంగతి ఇది. మరి ఊపిరి? రబ్బరుకు ప్రాణవాయువు అందించే గుణం ఉందని ఈ సందేశం రాసిన మహానుభావులకు ఎవరు చెప్పారో తెలుసుకోవాలని ఉంది.

గాలానికి తగిలి, పెనుగులాడి అలసిపోయిన చేపకు ఎప్పటికంటే ఎక్కువ గాలి కావలసిన క్షణంలోనే మనం దాన్ని నీళ్ల నుంచి తీస్తున్నాం. 1992లో కెనడా శాస్త్రజ్ఞులు రెయిన్‌బో ట్రౌట్‌ను ఇలాగే అలసట వచ్చేదాకా తరిమి చూశారు. గాలికి బయట పెట్టకుండా నీళ్లలోనే ఉంచినవాటిలో 12 శాతం చనిపోగా, 30 సెకన్లు బయట ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. ట్రౌట్ చన్నీళ్ల చేప, సున్నితమైనది. పండుగప్ప మొండిది, ఉప్పు నీళ్లలోనూ మంచినీళ్లలోనూ బతకగలిగినది, సరిగ్గా వదిలితే చాలావరకు బతికే ఉంటుంది కూడా. ఈ మాట సందేశం పంపిన మిత్రులకు సంతోషంగానే ఇచ్చేస్తున్నాను. కానీ మన నీళ్లు ఎలాంటివో కూడా చూడాలి. ఇరవై డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు, ముప్పై డిగ్రీల సముద్రపు నీళ్లలో అది 6 చిల్లరకు దిగుతుంది. మే నెలలో ఉప్పుటేటి నీళ్లలోకి వదిలిన చేపకు తిరిగి ఊపిరి కూడదీసుకోవడానికి దొరికేది అంతే.

పోయిన వేసవిలో ఒక మిత్రుడి రబ్బరు నెట్ ఇలా "సురక్షితంగా" పనిచేయడం దగ్గరుండి చూశాను. చేపను నెట్‌తో సహా మధ్యాహ్నపు ఎండకు కాగిన బండల మీద పెట్టారు. మొదటి ఫొటోలో నీడ పడింది, రెండోదానికి చల్లద్దాలు పెట్టుకోవలసి వచ్చింది, మూడోదానికి టేపు కనపడలేదు. ఈలోగా చేప మొప్ప మూతలు పూర్తిగా తెరుచుకుని అలాగే నిలిచిపోతూ, చాలాసేపటికి ఒకసారి మూసుకుంటూ ఉన్నాయి; బండకు ఆనిన వైపు జిగురు ఎండి, ఎత్తినప్పుడు పొలుసులు రాతికే అంటుకుని ఉండిపోయాయి. నీళ్లలో వదిలితే ఒక పక్కకు ఒరిగి, సముద్రం వైపు తీసే పాటు లాగినట్టు కొట్టుకుపోయింది. "ఈదుకుంటూ వెళ్లిపోయింది" అని గ్రూపులో పెట్టారు, కింద చప్పట్ల బొమ్మలు వరుసకట్టాయి. పండుగప్ప మొదట మగగా ఎదిగి, పెద్దదయ్యాక ఆడగా మారే చేప కనుక, ఫొటో కోసం అంతగా ముచ్చటపడే ఆ పెద్ద చేపలే గుడ్లు పెట్టేవి.

రబ్బరు నెట్ చేయగల మేలు నీళ్లలో ఉన్నంతవరకే. రింగును నీటి మట్టానికి ఆనించి, చేపను మునిగే ఉంచి, తడి చేత్తో ముక్కుపటకారుతో హుక్కు తీయాలి. ఫొటో తీసేవారు కెమెరా సిద్ధం చేసుకున్నాక ఒక్కసారి ఎత్తి, మళ్లీ దించాలి. వండుకోవడానికే పట్టేవారికి ఈ గొడవేమీ అక్కరలేదు, వారు ఏ నెట్ అయినా వాడుకోవచ్చు. చేపను వెంటనే చంపి ఐసులో పెడితే చాలు.

అయిదవ సూత్రం వల రంగు నలుపై ఉండాలన్నది. గులాబీ రంగుదైనా నాకు అభ్యంతరం లేదు.

ఆరవదాన్ని చదివి మాత్రం ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అది సరైనది. ఆన్‌లైన్‌లో దొరికే మడత నెట్లకు డబ్బు తగలేయకుండా ఊళ్లో వెల్డింగ్ షాపులో రింగు చేయించుకుని, వలలు అల్లేవారి చేత సంచి కుట్టించుకోమన్నారు. మడత నెట్ల ప్లాస్టిక్ కీలు ఉప్పు నీళ్లకు, బరువు చేపకు ఎక్కువ కాలం ఆగదు. పైగా రబ్బరు వల బరువెక్కువ, పోటు మీద ఉన్న నీళ్లలో తిప్పడానికి మొరాయిస్తుంది. ముడులు లేని సన్న కన్ను వల తేలిగ్గా తిరుగుతుంది, చేపకూ మంచిదే. కనుక కుట్టించుకునేటప్పుడు ముడులు లేని వలే కావాలని గట్టిగా చెప్పండి, లేకపోతే చేతికందిన చేపల వల ముక్కే కుట్టి ఇస్తారు. రింగు స్టెయిన్‌లెస్ స్టీలుదో అల్యూమినియందో అయి ఉండాలి. తెప్ప మీద నుంచి వేసేవారికి చేయి పొడవు పిడి చాలు, కాలువ గోడల మీద నుంచి, బండల మీద నుంచి వేసేవారికి రెండు మీటర్లు కావాలి. అయితే ఆ పొడవు పిడి చివర పట్టుకుని చేపను గాల్లోకి లేపకండి. పిడిని వెనక్కి లాక్కుంటూ వచ్చి, రింగు అందాక రింగునే పట్టుకుని ఎత్తండి.