డిస్‌ప్లే వచ్చింది కదా, ఇంకేం కావాలట!

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా.

మా పిన్ని కొడుకు సొంతంగా పీసీ అసెంబుల్ చేసుకున్నాడు. వాడికి ఇదే మొదటిది. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఉన్నంతలో మంచి గ్రాఫిక్స్ కార్డు, 6000 స్పీడ్ డీడీఆర్5 ర్యామ్, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్. అన్నీ ఒకే షాపులో కొన్నాడు, స్క్రూలు మాత్రం వాడే బిగించాడు. విండోస్ ఎక్కింది. గేమ్ పెడితే నత్తనడక. షాపుకి ఫోన్ చేసి నన్నూ కాన్ఫరెన్స్‌లో కలిపాడు. అటు నుంచి మహానుభావుడి జవాబు: "డిస్‌ప్లే వచ్చింది కదా తమ్ముడూ, ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలా! పొయ్యి వెలిగింది కదా, అన్నం ఉడికినట్టే అనుకుని తినేయమంటాడు రేపు.

అసలు డిస్‌ప్లే రావడమే ఇక్కడి తంటా. 7600 లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. మావాడు హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చాడు, అంటే బొమ్మ ఆ చిన్న గ్రాఫిక్స్ నుంచే వస్తుంది. పాత రైజెన్ 5 5600 అయితే లోపల గ్రాఫిక్సే లేదు కాబట్టి బొమ్మ రాదు, పిల్లాడు అప్పుడే కేబుల్ మార్చి చూసుకునేవాడు. ఇప్పుడు బొమ్మ చక్కగా వస్తుంది, వేలు పోసి కొన్న కార్డేమో లోపల గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. "కేబుల్ ఎక్కడ పెట్టావు నాన్నా" అని ఒక్క ముక్క అడగడానికి ఆయనకి నోరు రాలేదు. "నువ్వే బిగించుకున్నావుగా, పట్టుకురా, సర్వీస్ చార్జీ అవుద్ది" అనడానికి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ ఫోన్ కట్ చేయించి కేబుల్ కార్డుకి మార్పించాను. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ స్పీడ్ చదవరా అన్నా. 4800. డబ్బా మీద 6000! (సీపీయూ-జెడ్ అని సిస్టమ్ వివరాలు చూపే యాప్‌లో 2400 చూసి ఏడ్చేవాళ్లకో మాట: అది సగమే చూపిస్తుంది, రెండుతో హెచ్చవేసుకోండి.) బయోస్‌లోకెళ్లి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగ్స్) ఎక్స్‌పో ఆన్ చేయాలి, ర్యామ్‌ని డబ్బా మీది స్పీడుకి తెచ్చేది అదే, ఇంటెల్ వాళ్లకైతే ఎక్స్‌ఎంపీ. చేయకపోతే జన్మంతా 4800లోనే తిరుగుతుంది, ఎవడూ చెప్పడు. ఆన్ చేశాక మొదటిసారి స్క్రీన్ నల్లగా ఓ నిమిషం పైనే ఉండొచ్చు. ర్యామ్ కొత్త స్పీడుకి సర్దుకుంటోందన్నమాట, మెమరీ ట్రైనింగ్ అంటారు. పాపం పిన్ని అప్పటికే స్విచ్ ఆపేయడానికి గోడ దగ్గరికెళ్లి నిలబడింది.

ఇందులో ఇంకా దారుణం ఏంటంటే, ఆ 6000 ఆన్ చేయడాన్ని ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పూచీ ఇచ్చిన స్పీడు దాటించడం) అంటారు, దానివల్ల ఏదైనా పోతే ప్రాసెసర్ వారంటీ వర్తించదని ఏఎండీ చిన్నక్షరాల్లో రాసుకుంది. ఇంటెల్ కూడా తక్కువేం తినలేదు. మావాడి డబ్బులు 6000కి, ఏఎండీ పూచీ 5200 దాకానే. శభాష్.

ఇక మానిటర్. 144 అయ్యుండి 60లో నడుస్తోంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి మనమే మార్చాలి. నాకు తెలిసిన ఒకాయన "144కి అలవాటు పడ్డాక మామూలు స్క్రీన్ చూడలేమండీ" అని కనిపించిన వాళ్లందరికీ చెబుతుంటాడు. ఆయనది ఇప్పటికీ 60లోనే ఉంది. నేను చెప్పలేదు, చెప్పను.

ర్యామ్ ఒక్క స్టిక్ అంటగట్టి "డీడీఆర్5 కదన్నా, ఒక్కటే డ్యూయల్ ఛానల్" (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య రెండు దారులు) అనే బాపతు ఇంకోటి. ఒక్క స్టిక్‌లో 32 బిట్ల ముక్కలు రెండుంటాయి, నిజమే, మొత్తం కలిపితే 64. రెండు స్టిక్కులు పెడితే 128, అదీ అసలు డ్యూయల్ ఛానల్. నాలుగు స్లాట్లున్న బోర్డులో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. ఈ ముక్క మాన్యువల్‌లో బొమ్మేసి మరీ ఉంటుంది, షాపుల్లో దాన్ని చదివేవాడు ఎవడు?

ఈ ఒంటి స్టిక్ మాటొస్తే నాకు కడుపు రగులుతుంది. నా ఇంజనీరింగ్‌లో నాన్న కొన్న సిస్టమ్‌కి బిల్లులో అసెంబ్లింగ్ చార్జీ అని విడిగా వేసి, ఒకే స్టిక్ గుచ్చి పంపారు. రెండోది పెట్టండి, లేదా చిన్న సైజువి రెండుగా ఇవ్వండి అంటే, "బాబుకి ఇంటర్నెట్ నాలెడ్జ్ ఎక్కువైందండీ" అని నాన్న వైపు చూసి నవ్వాడు షాపాయన. నాన్న కూడా నవ్వాడు! నా కొడుకు చెప్పేది ఏంటో వినండి అనలేదు. షాపువాడికి అనుభవమట. నాలుగేళ్లు ఆ సిస్టమ్ మీదే ప్రాజెక్టులు ఈడ్చా. మన ఇళ్లల్లో అంతే, కౌంటర్ వెనక నిలబడ్డవాడు చెబితే వేదం, కన్నకొడుకు చెబితే అతితెలివి.

సరే, ఈరోజు అన్నీ సర్దాక సినీబెంచ్ (ప్రాసెసర్‌ని పూర్తిగా పరిగెత్తించే పరీక్ష) పెట్టించాను. ప్రాసెసర్ 95 డిగ్రీల హద్దుకి చాలా కిందే ఆగింది. గేమ్ పరుగో పరుగు. పిల్లాడు గెంతుతున్నాడు. అప్పుడు బాబాయి ఫోన్ లాక్కున్నాడు. థాంక్స్ చెబుతాడేమో అనుకున్నా.

"అదే డబ్బుకి మంచి ల్యాప్‌టాప్ వచ్చేది కదరా. సర్లే, ఆదివారం ఖాళీయేనా? మన ప్రింటర్ కాయితం లాగట్లేదు."