ఈతచెట్టును కల్లు ముంతలోంచే చూస్తామా?

'ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు' అన్న సామెత మనిషి మీద పుట్టిందే. మా అనంతపురం వైపు మాత్రం అది చెట్టు మెడకే చుట్టుకుంది. వంక గట్టున ఈతచెట్టు కనబడితే రైతుకు కల్లు, దాని వెనకాలే లైసెన్సు, తగాదాలు గుర్తొస్తాయి. చేను చదును చేయడానికి జేసీబీ వచ్చిందంటే మొదట పడేది అదే.

ఇదే జిల్లాలో డ్రిప్పు వేసి బర్హీ రకం ఖర్జూరం పెంచుతున్నవాళ్లున్నారు. టిష్యూకల్చర్ (ప్రయోగశాలలో పెంచిన) మొక్క ఒక్కోటి వేలల్లో ఉంటుంది. పూత వేళ మగచెట్టు పుప్పొడి తెచ్చి ఆడ గెలలకు మనిషే అద్దాలి. మాగే సమయంలో వాన తగిలితే కాయ పాడవుతుంది కాబట్టి పసుపు రంగులో, కరకరలాడుతున్నప్పుడే కోసి అమ్ముతారు. పెట్టుబడి ఉన్నవాళ్లు వేసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అదే ఫీనిక్స్ ప్రజాతికి చెందిన మన ఈత, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో, ఎవరూ నీళ్లు పోయకుండానే వంక ఇసుకలో బతుకుతోంది. దాని గురించి పెద్దగా మాట్లాడేవాళ్లే లేరేం?

పండు విషయంలో ఈత ఓడిపోతుంది, ఒప్పుకోవాల్సిందే. విత్తనమే లావు, కండ పలచన. గెల కోసి గడ్డివాములో మాగబెట్టుకు తిన్న పిల్లలకు తప్ప దాని రుచి పెద్దగా ఎవరికీ పట్టదు. దాని అసలు లాభం ఆకులోనూ, నీరలోనూ (పులవని తీపి రసంలోనూ) ఉంది. పైగా ఖర్జూరం తోటలో మగచెట్టు పుప్పొడికి మాత్రమే పనికొస్తే, ఈతలో ఆడా మగా రెండూ గీతకు వస్తాయి, రెండింటి మట్టా పనికొస్తుంది.

ధర్మవరం దగ్గర సంతలో పొరకలు అమ్మే ఎరుకల ఆమెను చూశాను. మట్ట మొదట్లో ఆకులే ముళ్లుగా మారి ఉంటాయి. కొడవలి మొనతో వాటిని చెక్కేసి, ఆకును గోటితో చీల్చి, పిడి దగ్గర నారతో బిగించి కడుతోంది. అదే ఆకుతో చాప, గంప కూడా అల్లుతారట. "ముందు మా వంకలోనే కోసుకునేవాళ్లం సార్, ఇప్పుడు మట్టలకే ఆటో బాడుగ పెట్టుకుంటాండాం" అంది. పొరకకు ధర పెంచితే జనం ప్లాస్టిక్ దానికి పోతారని ఆమె భయం.

ఇక కల్లు సంగతి. ముంత లోపల సున్నం పూస్తే రసం పులవకుండా నీరగా నిలుస్తుంది. పూయకపోతే కొన్ని గంటల్లోనే కల్లవుతుంది. రెంటికీ తేడా ఆ సున్నమే. బెంగాల్‌లో ఇదే చెట్టు రసాన్ని చలికాలంలో కాచి, ఊరూరా ఎదురుచూసే బెల్లం చేస్తారు. మా వైపు ఆ అలవాటు పెద్దగా లేదు. మనకున్నది క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం కలిపిన మందు కల్లు బెడద. దాన్ని చూపి చెట్టును తిట్టేవాళ్లకు నాదొక ప్రశ్న: చెట్లు తగ్గినా దుకాణాల్లో కల్లు తగ్గకపోతే, ఆ ముంతల్లో ఉన్నదేమిటి? కల్తీకి చోటిస్తున్నది చెట్టు కాదు, చెట్ల కొరత.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పనుల్లో మామిడికి గుంత తవ్వుతారు, చెరువు కట్టకు మట్టి పోస్తారు. అదే కట్ట మీద ఈత విత్తనం నాటడానికి కూలి తప్ప పెద్ద ఖర్చేమీ లేదు. హగరి నది ఇసుక మేటలు పొలాల మీదికొచ్చే కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ముందు వేసి చూడొచ్చు. గీతకు రావడానికి ఐదారేళ్లు పట్టినా, పొరకకు ఆకు అంతకంటే ముందే దొరుకుతుంది. అయితే కట్ట మీది చెట్టు ఎవరిదో ముందే కాగితం మీద రాయాలి: గీత ఈడిగలకు, మట్ట అల్లేవాళ్లకు. అది తేల్చకుండా నాటితే చెట్టు ఎదిగేలోపే కొట్లాట ఎదుగుతుంది.