లెక్క చేరింది, పరీక్షా చేరాలి

అండాశయ క్యాన్సర్ ఉన్న మహిళ హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చేరినా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రిలో చేరినా కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించే ముందు డాక్టర్లు చూసేది క్రియాటినిన్ రిపోర్టు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల చొప్పున వడపోస్తున్నాయో దాన్నిబట్టి అంచనా కడతారు. ఆ అంకెకు 25 కలిపి, అయిదుతోనో ఆరుతోనో హెచ్చవేస్తారు. వచ్చింది ఎంతో అన్ని మిల్లీగ్రాముల మందు. దీన్నే కాల్వర్ట్ ఫార్ములా అంటారు. 1989లో దీన్ని ప్రకటించిన హిలరీ కాల్వర్ట్ బ్రిటన్‌కు చెందిన క్యాన్సర్ వైద్యుడు. పైసా ఖర్చు లేని ఆ లెక్క ప్రపంచమంతా పాకింది, మన దాకా వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్లు ఆయనా, ఆయన సహచరులూ చేసిన పని, దాన్ని వాడుకోవడానికి కావాల్సిన జన్యు పరీక్ష మాత్రం మన పేద రోగికి ఇప్పటికీ దూరంగానే ఉన్నాయి. ఈ సంపాదకీయం ఆ దూరం గురించి.

ముందు ఆ లెక్క విలువ తెలియాలి. కార్బోప్లాటిన్ దాదాపుగా కిడ్నీల గుండానే బయటకు పోతుంది. అయినా మొదట్లో మోతాదును ఎత్తు, బరువు చూసి కట్టేవారు. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు ఆడవాళ్లను తీసుకోండి. ఒకామె కిడ్నీలు నిమిషానికి 100 మిల్లీలీటర్లు వడపోస్తాయి, షుగరుతో దెబ్బతిన్న రెండో ఆమె కిడ్నీలు 50 మాత్రమే. పాత పద్ధతిలో ఇద్దరికీ ఒకటే మోతాదు. కాల్వర్ట్ లెక్కలో, అయిదుతో హెచ్చవేస్తే, మొదటి ఆమెకు 625 మిల్లీగ్రాములు, రెండో ఆమెకు 375. తేడా చిన్నది కాదు. ఎక్కువైతే ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, తక్కువైతే గడ్డ తగ్గదు. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతం ఉన్న రాష్ట్రంలో ఈ లెక్క ఎందుకు ముఖ్యమో వేరే చెప్పాలా?

క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీయడం కార్బోప్లాటిన్ పని. దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం మళ్లీ ఎలా మరమ్మతు చేసుకుంటుంది, ఆ మరమ్మతును ఆపగలమా అన్నది న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాక కాల్వర్ట్ తలకెత్తుకున్న ప్రశ్న. అక్కడ జీవశాస్త్రవేత్తలు నికోలా కర్టిన్, బార్బరా డుర్కాజ్, రసాయన శాస్త్రవేత్త రోజర్ గ్రిఫిన్ వంటివారు ఆయనతో కలిశారు. ‘పార్ప్’ అనే ఎంజైము డీఎన్‌ఏలో ఒక పోగు తెగినప్పుడు అతికించడానికి సాయపడుతుంది. దాన్ని అడ్డుకుంటే కీమో మందు మరింత గట్టిగా పనిచేస్తుందని వాళ్ల ఆలోచన. 1990ల ఆరంభంలో మొదలైన వేట 2003కి గానీ రోగి దాకా రాలేదు. పార్ప్‌ను అడ్డుకునే మందును క్యాన్సర్ రోగికి ఇవ్వడం ప్రపంచంలో అదే మొదలు. టెమోజోలమైడ్ అనే కీమోతో కలిపి ఇచ్చారు. కీమో బలం పెరిగిన మాట నిజమే గానీ, మూలుగ మీద దుష్ప్రభావాలూ పెరిగాయి.

అసలు మలుపు 2005లో వచ్చింది. డీఎన్‌ఏ మరమ్మతులో మరో దారి నడిపే బీఆర్‌సీఏ జన్యువులు చెడిన కణాలకు కీమో తోడు లేకుండానే పార్ప్ మందు ఒక్కటే చాలునని రెండు బృందాలు ఒకేసారి ‘నేచర్’ పత్రికలో ప్రకటించాయి. ఊరికి రెండు దారులుంటే, వాగు పొంగి ఒకటి తెగినా రెండో దాని మీద బండి నడుస్తుంది. బీఆర్‌సీఏ లోపంతో క్యాన్సర్ కణానికి ఒక దారి ముందే తెగి ఉంటుంది, మందు రెండోదాన్ని మూసేస్తుంది. మామూలు కణాలకు మొదటి దారి ఉంది కనుక అవి బతికిపోతాయి. న్యూకాసిల్ మందు రుకాపరిబ్‌కు 2016లో అమెరికాలో అనుమతి దొరికింది. అంతకు రెండేళ్ల ముందే వేరే బృందం రూపొందించిన ఒలాపరిబ్ మార్కెట్లోకి వచ్చింది.

ఆ ఒలాపరిబ్ కూడా గోదాములోనే మిగిలిపోవాల్సింది. 265 మంది అండాశయ క్యాన్సర్ రోగుల మీద జరిగిన ప్రయోగంలో ఆయుష్షు పెరిగిన దాఖలా లేదని 2011లో కంపెనీ ఆ జబ్బుకు దీన్ని పక్కన పెట్టేసింది. లండన్ వైద్యుడు జొనాథన్ లెడర్మన్ బృందం అదే రోగుల సమాచారాన్ని బీఆర్‌సీఏ లోపం ఉన్నవారు, లేనివారు అని విడదీసి మళ్లీ చూసింది. లోపం ఉన్నవారిలో డమ్మీ మాత్రలు మింగినవారికి 4.3 నెలలకే జబ్బు ముదిరితే, మందు వాడినవారికి 11.2 నెలలు పట్టింది. మందు మారలేదు, రోగులూ మారలేదు. ఎవరికి ఇవ్వాలో తేలింది, అంతే. కొత్తగా జబ్బు తేలిన బీఆర్‌సీఏ రోగుల మీద జరిగిన మరో ప్రయోగంలో ఏడేళ్ల తర్వాత ఒలాపరిబ్ వాడినవారిలో 67 శాతం జీవించి ఉన్నారు. వాడనివారిలో 46.5 శాతమే.

ఇక మన సంగతి. ఒలాపరిబ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2024లో తీరిపోయింది. కాబట్టి మాత్ర ధర ఒక్కటే అడ్డంకి అనే మాట ఇక చెల్లదు. జన్యు పరీక్ష లేకుండా మాత్ర ఇస్తే డబ్బు దండగ, పైగా రక్తహీనత, నీరసం లాంటి ఇబ్బందులు అదనం. అందుకే మా దృష్టిలో మొదట రావాల్సింది పరీక్ష. అండాశయ క్యాన్సర్ రోగుల్లో సుమారు ఆరేడుగురిలో ఒకరికి బీఆర్‌సీఏ లోపం వారసత్వంగా వచ్చి ఉంటుందని అంచనా. జబ్బు తేలిన ప్రతి మహిళకూ ఈ పరీక్ష చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ఆపరేషన్, కీమో, రేడియేషన్‌లను పేదల గడప దాకా తెచ్చిన ఘనత 2007లో మొదలైన ఆరోగ్యశ్రీది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఈ పరీక్షను కీమో ప్యాకేజీలో విడదీయరాని భాగంగా చేయాలి. రోగి విడిగా అడగాల్సిన, విడిగా కట్టాల్సిన ఐటమ్‌గా ఉన్నంత కాలం అది జరగదు. నమూనాలు ఎక్కడికో పంపాల్సిన అగత్యమూ లేదు. జన్యు పరీక్షల్లో అనుభవం ఉన్న సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆస్పత్రి హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

కాల్వర్ట్ లాంటి వైద్యులు మనకెందుకు తయారు కావడం లేదన్నది మరో ప్రశ్న. ఆయన వార్డులో రోగిని చూసి, ల్యాబ్‌లో రసాయన శాస్త్రవేత్తతో మాట్లాడగలిగారు. మన పెద్దాసుపత్రుల్లో ఆంకాలజిస్టుకు ఓపీ అయ్యేసరికి పొద్దుగూకుతుంది. పరిశోధన ప్రమోషన్ కోసం చూపించాల్సిన పేపర్ల లెక్కగా మిగిలింది. ఎంఎన్‌జే, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, మందుల కంపెనీలు ఒకే నగరంలో ఉండి కూడా ఒకరి గుమ్మం ఒకరు తొక్కేది అరుదు. వారంలో రెండు రోజులు వార్డు డ్యూటీ తగ్గించి, ల్యాబ్‌లో పనిచేసే వెసులుబాటు కొద్దిమంది యువ వైద్యులకైనా ఇస్తే ఖజానాకు వచ్చే నష్టమేమిటి?

పరీక్షలో ఇంకో కోణం ఉంది, దాన్ని మనవాళ్లు పైకి మాట్లాడరు. ఫలితం ఒక్క రోగితో ఆగదు. బీఆర్‌సీఏ1 లోపం ఉన్న మహిళకు జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 70 శాతం, అండాశయ క్యాన్సర్ ముప్పు 40 శాతం దాటుతుంది. అక్కచెల్లెళ్లకు, పిల్లలకు అదే లోపం వచ్చే అవకాశం సగానికి సగం. అది తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. మేనత్తకు ఏ జబ్బు ఉండేదని అడగకుండా అమ్మ వైపు మాత్రమే ఆరా తీస్తే కుటుంబ చరిత్ర తెలిసినట్టు కాదు. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో చాలా ఇళ్లలో ఈ విషయం బయటకు పొక్కనివ్వరు. అందుకే రిపోర్టు చేతికిచ్చి పంపేయకుండా, కూర్చోబెట్టి వివరించే జన్యు కౌన్సెలర్ పోస్టులు ఎంఎన్‌జేలో, జిల్లా క్యాన్సర్ కేంద్రాల్లో ఉండాలి. ఇంట్లో ఒకరికి లోపం ఎక్కడుందో తెలిశాక మిగిలినవారికి ఆ ఒక్క చోట వెతికితే సరిపోతుంది. దానికయ్యే ఖర్చు మొదటి పరీక్షలో చిన్న భాగమే.