పాదం చివర వేలాడిన ఆకు

ఫ్రెంచి కవి పోల్ వెర్లేన్ రాసిన 'శరద్గీతం' భావం ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఆకురాలు కాలంలో ఒకడు పాత రోజులు తలచుకుని ఏడుస్తున్నాడు. 1866లో, 22 ఏళ్ల వయసులో వెలువరించిన తొలి సంపుటిలోనిది. ఉన్నవి 18 చిన్న పాదాలే. వాటిని ఇన్నాళ్లూ బతికించింది అర్థం కాదు, నాదం.

'లె సాఁగ్లొ లోఁ / దె వియొలోఁ / ద లొతొన్' అని ఎత్తుగడ. శరత్తు వయొలిన్ల సుదీర్ఘమైన వెక్కిళ్లు అని అర్థం. ఫ్రెంచిలో ఈ అచ్చులు ముక్కుతో పలుకుతాయి. మనం రాతలో వదిలేసిన అరసున్న తప్ప వాటిని చూపే గుర్తు తెలుగులో లేదు. లోఁ, లోఁ అని పెదవులు గుండ్రంగా చుట్టి పలికి చూడండి, మంద్ర తీగ మీద కమాను నెమ్మదిగా లాగినట్టుంటుంది. పైగా మామూలు మాటల్లో రెండు అక్షరాలుగా పలికే 'వ్యొలోఁ'ను ఇక్కడ మూడుగా సాగదీయాలి, లేకుంటే లెక్క తప్పుతుంది. వెక్కిళ్ల దీర్ఘాన్ని కవి మన నోటితోనే పలికించాడు.

ఫ్రెంచి ఛందస్సుకు గురులఘువులు లేవు, అక్షరాల లెక్కే. అప్పట్లో గంభీరమైన కవిత్వమంటే 12 అక్షరాల పాదం. వెర్లేన్ దాన్ని పక్కన పెట్టి 4, 4, 3 చొప్పున కోశాడు. రెండు పాదాలు నిలబడతాయి, మూడోది ఊపిరి చాలక కూలబడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 1న బీబీసీ తొలి మూడు పాదాలను, 5న తరువాతి మూడింటిని, ఫ్రాన్స్‌లో జర్మన్ ఆక్రమణను ఎదిరిస్తున్న ప్రతిఘటన దళాలకు సంకేతంగా ప్రసారం చేసింది. మర్నాడే ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగాయి. ఆ కథతో మొదటి చరణానికే పేరంతా దక్కింది. అసలు పనితనం చివరి చరణంలో ఉంది.

'దసా, దలా, / పరెయ్ ఆ లా / ఫయ్ మొర్త్.' అటూ ఇటూ, ఎండుటాకులా. ఇందులో 'లా' అనేది ఆకు అనే మాటకు ముందు అంటిపెట్టుకుని రావలసిన ఉపపదం. ఒంటరిగా నిలబడలేదు. దాన్నే పాదం చివర వదిలేసి, దానితోనే అంత్యప్రాస కట్టాడు. కొమ్మ వదిలిన ఆకు నేల తాకేలోపు ఎక్కడుంటుందో, మన గొంతు అక్కడ ఆగుతుంది. మన పద్యాల్లో మాట విరిగి కింది పాదంలోకి దొర్లడం మామూలే కనుక ఈ సాహసం మన చెవికి వెంటనే తగలదు. ఫ్రెంచి సంప్రదాయానికి అది అపచారం.

తెలుగులో ఉపపదాలు లేవు. కానీ పోలిక చెప్పే 'లా' ఉంది. 'అటూ ఇటూ ఎండుటాకు / లా' అని దాన్ని కింది పాదంలోకి ఒంటరిగా దించి చూశాను. మూలంలో ఆకుకు ముందు వేలాడిన ధ్వనే, ఇక్కడ ఆకు వెనకాల రాలింది.