ఆ సంతకం పెట్టకపోయినా ఆయనకి పోయేదేమీ లేదు

మా బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు నిండా పాత పాస్‌పోర్టులున్నాయి. అన్నీ ఎక్స్‌పైర్ అయినవే. అయినా పారేయడానికి మనసొప్పదు. వాటిలో ఒకదాంట్లో నా మొదటి వీసా ఉంది. దాని కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడ్డాను. టెన్షన్‌తో పట్టిన చెమటకి చేతిలో ఫైలు అట్ట మెత్తబడిపోయింది. అద్దం అవతలి ఆఫీసరు నాతో మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. అమెరికా వచ్చిన మన తెలుగువాళ్ళలో ఎవర్ని కదిపినా ఇలాంటి కథ ఒకటి బయటికొస్తుంది. చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుని విమానం ఎక్కినవాళ్ళు మనలో ఎంతమంది లేరు!

ఒక్క స్టాంపుకి ఉన్న విలువ ఇంత బాగా తెలిసిన మనకి బ్రెజిల్ రాయబారి లూయిస్ మార్టిన్స్ డి సౌజా దాంతాస్ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1876లో రియో డి జనైరోలో పుట్టారాయన. లా చదివారు, చిన్న వయసులోనే విదేశాంగ శాఖలో చేరారు, కొన్నాళ్ళు తాత్కాలికంగా విదేశాంగ మంత్రి బాధ్యతలూ చూశారు. రోమ్ తర్వాత 1922లో పారిస్‌కి రాయబారిగా వెళ్ళి, అక్కడే ఇరవై ఏళ్ళు ఉండిపోయారు. 1940 నాటికి ఆయనకి 64 ఏళ్ళు. మంచి పేరుంది, రిటైర్మెంట్ దగ్గర పడింది. ఆ వయసులో ఏ ఉద్యోగి అయినా కోరుకునేది ఒక్కటే, సర్వీసు మచ్చ లేకుండా ముగియాలని.

అప్పటికి బ్రెజిల్లో అధ్యక్షుడు వర్గాస్ ప్రభుత్వం ఉంది. యూదులకి వీసాలు ఇవ్వొద్దని విదేశాంగ శాఖ 1937 జూన్‌లోనే తన కార్యాలయాలన్నిటికీ ఒక రహస్య సర్క్యులర్ పంపింది. దాని నంబరు 1127. మూడేళ్ళకి, 1940 జూన్‌లో, పారిస్ హిట్లర్ సైన్యం చేతుల్లోకి పోయింది. ఫ్రెంచి ప్రభుత్వం విషీ అనే ఊరికి మారితే రాయబారులూ అక్కడికే మారారు. దక్షిణాన రోడ్లన్నీ పారిపోతున్న జనం. ఫ్రాన్సు దాటాలంటే వేరే దేశం వీసా చూపించాలి. ఆ వీసా ఇచ్చేవాళ్ళు అరుదు.

సౌజా దాంతాస్ ఇచ్చారు. దౌత్యవేత్తలకి మాత్రమే ఇవ్వాల్సిన డిప్లొమాటిక్ వీసాని, దౌత్యంతో ఏ సంబంధమూ లేని మనుషుల పాస్‌పోర్టుల మీద, ఫ్రెంచిలో, స్వయంగా తన చేత్తో రాసి సంతకం పెట్టారు. గుమాస్తా మీదికి నెట్టి తప్పించుకునే వీలు తనకి తనే లేకుండా చేసుకున్నారు. డిసెంబరులో ఆపేయమని ఆదేశం వచ్చింది. ఆ తర్వాత కూడా వెనకటి తేదీలు వేసి కొన్ని ఇచ్చారు. ఫాబియో కోయిఫ్‌మన్ అనే బ్రెజిల్ చరిత్రకారుడు ఏళ్ళ తరబడి ఓడల జాబితాలు వెతికి, ఆ వీసాలతో బతికి బయటపడ్డవాళ్ళు 400 మందికి పైగానే ఉన్నారని తేల్చాడు.

వాళ్ళలో ఫీలిక్స్ రోహటిన్ అనే పన్నెండేళ్ళ పిల్లాడున్నాడు. పారిపోయే ముందు రాత్రి ఆ పిల్లాడు చేసిన పని, ఖాళీ టూత్‌పేస్ట్ ట్యూబుల్లోకి బంగారు నాణేలు కూరడం. అది చదివినప్పటి నుంచి బాత్రూమ్‌లో ట్యూబు చేతిలోకి తీసుకుంటే నాకు అదే గుర్తొస్తోంది. రియో మీదుగా ఆ కుటుంబం అమెరికా చేరింది. 1975లో దివాలా అంచుకి వచ్చిన న్యూయార్క్ నగరాన్ని గట్టెక్కించినవాళ్ళలో ముఖ్యుడు ఆ పిల్లాడే. 1997లో అమెరికా రాయబారిగా తిరిగి పారిస్‌లో అడుగుపెట్టిందీ అతనే.

సౌజా దాంతాస్ ఇచ్చిన వీసా అందరికీ పనికిరాలేదు. ఆల్సీనా అనే ఓడ 1941 జనవరిలో ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు నుంచి బయల్దేరింది. దాన్ని పశ్చిమ ఆఫ్రికాలోని డకార్ రేవులో నెలల తరబడి ఆపేశారు. ఓడ కదలలేదు కానీ పాస్‌పోర్టుల్లో గడువు తేదీలు ఆగలేదు కదా, వీసాలన్నీ ఎక్స్‌పైర్ అయ్యాయి. అవస్థలు పడి, వేరే ఓడలెక్కి రియో చేరినవాళ్ళలో కొందర్ని దిగనివ్వలేదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో "మేం లీగల్‌గా వచ్చాం" అని తరచూ చదువుతుంటాను. ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఆల్సీనా కళ్ళ ముందు మెదులుతుంది. వాళ్ళూ ఓడెక్కింది చేతిలో వీసా పెట్టుకునే. కదలని ఓడ వాళ్ళ కాగితాన్ని చెల్లకుండా చేసింది. ఇది మనకి తెలియనిదా? గ్రీన్‌కార్డ్ క్యూలో తల్లిదండ్రుల వంతు రాకముందే 21 నిండి, వాళ్ళతో పాటు కార్డు పొందే అర్హత పోయి ఏజ్ అవుట్ అయిపోతున్న పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళు చేసిన తప్పేమిటి? తేడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. నాకు ఆ రోజు వీసా రాకపోతే బస్సెక్కి ఇంటికెళ్ళి అమ్మ పెట్టిన అన్నం తిని పడుకునేవాణ్ణి. వాళ్ళకి వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు.

ఆఫీసర్లందరూ తలో దారిన రూల్స్ తప్పితే దేశం ఏమవుతుందని ఒక మిత్రుడు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ సౌజా దాంతాస్ ఆ వీసాలు అమ్ముకోలేదు. 1941లో సొంత ప్రభుత్వమే విచారణకి పెట్టింది. ఎంత రాతిగుండె బ్రెజిలియన్ అయినా జాలితో ఇదే పని చేసేవాడని ఆయన పై అధికారులకి రాశారు. రిటైర్మెంట్ వయసు దాటినందువల్ల శిక్ష తప్పిందంతే. 1127 సర్క్యులర్ని అక్షరం పొల్లుపోకుండా పాటించినవాళ్ళని మాత్రం ఏ విచారణా పిలిచి అడగలేదు. నన్నడిగితే సంజాయిషీ ఇవ్వాల్సింది వాళ్ళు.

1942 నవంబరులో జర్మన్లు విషీ ప్రాంతాన్నీ ఆక్రమించి బ్రెజిల్ రాయబార కార్యాలయంలోకి చొరబడ్డారు. ఆయన నిరసన తెలిపారు. ఆయన్నీ సిబ్బందినీ జర్మనీలోని బాద్ గోడెస్‌బర్గ్‌కి తీసుకెళ్ళి 14 నెలలు నిర్బంధంలో ఉంచారు. 1944లో ఖైదీల మార్పిడిలో విడుదలయ్యారు. 1954లో పారిస్‌లో చనిపోయారు. నాజీలు చంపిన యూదుల స్మారకంగా ఇజ్రాయెల్‌లో ఉన్న యాద్ వషేమ్ సంస్థ ఆయన్ని గుర్తించి గౌరవించింది 2003లో, అంటే చనిపోయిన 49 ఏళ్ళకి.

మా ఊళ్ళో ఈమధ్య కొన్ని శరణార్థి కుటుంబాలు దిగాయి. వాళ్ళకి దుప్పట్లు, బియ్యం ఇద్దామని మన సంఘం అనుకోవడం సంతోషమే. నేను కమిటీని ఇంకొకటి అడిగాను. నెలకి రెండు శనివారాలు లైబ్రరీలో ఒక టేబుల్ వేసుకుని కూర్చుందాం, వాళ్ళ దరఖాస్తులు నింపడంలో సాయం చేద్దాం అని. ఏ గడిలో ఏ తేదీ వేయాలో, ఏ కాగితం జిరాక్స్ జత చేయాలో, గడువుకి ఎన్ని రోజుల ముందు పంపాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇప్పటికి నలుగురు పేర్లిచ్చారు. మొదటి శనివారం పొద్దున పదింటికి తలుపు దగ్గరే ఉంటాను, రండి.