మహారాజశ్రీ పొలిటికల్ ఫార్వార్డ్ గారి సముఖానికి

అయ్యా,

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్నారు కదా అని అద్దె అడగడానికి రాయడం లేదు. మీ పనితనం చూసి ముచ్చటేసి రాస్తున్నాను.

పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీల వెనకాలే దిగుతారు. 'డిలీట్ చేసేలోపు చూడండి', 'మీడియా దాచిన నిజం', 'నిఖార్సైన తెలుగోడివైతే పదిమందికి పంపు'. ఇప్పటిదాకా ఎవరూ డిలీట్ చేసింది లేదు. అదే వీడియో ప్రతి ఎన్నికలకూ కొత్త చొక్కా తొడుక్కుని వస్తూనే ఉంది. ఆ తొందరేమిటో ఆలస్యంగా అర్థమైంది. నేను నమ్మానా లేదా అన్నది మీకు పెద్ద లెక్క కాదు. 'ఇది ఎప్పటిది బాబాయ్?' అని ఎవరో ఒకరు అడిగేలోపు మీరు ఇంకో నాలుగు గ్రూపులు దాటిపోవాలి, అంతే.

2016 నవంబర్‌లో కొత్త రూ.2000 నోటులో నానో చిప్ ఉందన్నారు. 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందన్నారు. టీవీ చానళ్లు కూడా కూర్చుని చర్చించాయి. రిజర్వ్ బ్యాంక్ చెప్పిన నోటు లక్షణాల్లో చిప్ ఊసే లేదు. 2023లో ఆ నోటు చలామణి నుంచి వెళ్లిపోయింది. పాపం ఆ ఉపగ్రహం ఇప్పుడేం పని చేసుకుంటోందో మీరు చెప్పనేలేదు.

కత్తెర పట్టడంలో మాత్రం మీకు మీరే సాటి. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా, ముస్లిం రిజర్వేషన్లు రాజ్యాంగ విరుద్ధమని, తాము గెలిస్తే ఎత్తేస్తామని అన్నారు. ఏడాది తిరిగేసరికి, సరిగ్గా లోక్‌సభ ఎన్నికల వేళకు, అదే వేదిక మీద నుంచి అదే గొంతుతో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు తీసేస్తామని ఆయన అన్నట్టుగా మీరు ప్రత్యక్షమయ్యారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, నోటీసులు పట్టుకుని హైదరాబాద్ దాకా వచ్చారు. ఆయన నిజంగా అన్నమాట మీద కూడా బోలెడంత వాదించవచ్చు. కానీ వాదించాలంటే ఓపిక కావాలి, చదవాలి. కోపానికి అవేమీ అక్కర్లేదు.

ఇంతవరకూ సరదాగానే రాశాను. కంచ గచ్చిబౌలి విషయంలో మాత్రం మీ మీద నిజంగానే ఒళ్లు మండింది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చిన మాట నిజం. చెట్లు కూలిన మాట నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్న మాటా నిజం. ఇంత నిజం చేతిలో ఉండగా, ఏఐతో జింకల్నీ నెమళ్లనీ పుట్టించి బుల్డోజర్ల ముందు పరుగెత్తించడమెందుకు? ప్రభుత్వం ఆ బొమ్మలు పట్టుకుని కేసులు పెట్టింది. చెట్లు ఎందుకు కొట్టారన్న ప్రశ్న పక్కకు పోయి, జింక ఒరిజినలా డూప్లికేటా అన్న పంచాయితీ మొదలైంది. చెట్లు కొట్టించినవాళ్లకు ఇంతకంటే సాయం ఎవరు చేయగలరు?

ఇక మీ పేపర్ క్లిప్పింగులు. పైన ఈనాడు లోగో ధగధగలాడుతుంది. ఊరి పేరు పక్కన 'న్యూస్‌టుడే' అని ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. అక్షరాలు ఒక లైన్లో లావు, ఇంకో లైన్లో సన్నం. హెడ్డింగులోనే ఒత్తు ఎగిరిపోతుంది. తేదీ ఉండే మూల మాత్రం ఎలుక కొరికినట్టు చిరిగి ఉంటుంది. తేదీ కనిపిస్తే ఈ-పేపర్ తెరిచి చూస్తామని భయం కాబోలు. సాక్షికీ, ఆంధ్రజ్యోతికీ ఇదే మర్యాద. ఆ విషయంలో మీకు పక్షపాతం లేదని ఒప్పుకోవాలి.

మీ కాళ్లకు బంధాలు వేయాలని వాట్సాప్ కూడా చూసింది. 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకే అంది. 2020లో, బాగా తిరిగి వచ్చినవాటిని ఒక్క చాట్‌కే పంపాలంది. మీరు స్క్రీన్‌షాట్‌గా కొత్త జన్మ ఎత్తి, ఆ రెండు బాణాల గుర్తు కూడా కడిగేసుకుని వచ్చారు.

ఇన్ని తెలిసినా మిమ్మల్ని గ్రూపులో ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే ప్రశ్న అడిగినవాడికి మీరు ముందే పేర్లు పెట్టి ఉంచారు. ఇటు నుంచి అడిగితే పేటీఎం బ్యాచ్, అటు నుంచి అడిగితే పచ్చ బ్యాచ్. మొన్న మా పెదనాన్న, మన రోడ్ల దుస్థితి చూడండంటూ గుంతలో కూరుకుపోయిన బస్సు ఫోటో పెట్టారు. మా అక్క కొడుకు దాన్ని పెద్దది చేసి చూసి, "తాతయ్యా, మన ఆర్టీసీ బస్సుకి బోర్డు కన్నడంలో ఎందుకుంది?" అని అడిగాడు.

"ముందు నువ్వు ఏ పార్టీయో చెప్పరా" అన్నారు పెదనాన్న.

వాడు తొమ్మిదో తరగతి. ఓటు రావడానికి ఇంకా చాలా టైముంది. గ్రూపు మాత్రం వాణ్ణి అప్పుడే ప్రతిపక్షంలో కూర్చోబెట్టింది.

ఇట్లు,
మ్యూట్‌లో పెట్టినా మిమ్మల్ని చదవక తప్పని
ఒక గ్రూపు సభ్యుడు